బరంపురం నుంచి విశాఖకు ఎలక్ట్రిక్ కారు: మూడేళ్లు, 68 వేల కిలోమీటర్ల లెక్క

మా ఇల్లు బరంపురంలో. వ్యాపారం పట్టుచీరలు. నెలకు రెండుసార్లయినా విశాఖ వెళ్లి రావాలి, ఒకవైపు సుమారు 265 కిలోమీటర్లు. మధ్యమధ్యలో భువనేశ్వర్, ఏడాదికి నాలుగైదుసార్లు కొరాపుట్. మూడేళ్లుగా ఈ తిరుగుడంతా ఎలక్ట్రిక్ కారులోనే. మీటరు 68 వేలు దాటింది.

కారు పేరు రాయడం లేదు. రాస్తే మాట ఆ కారు మంచిదా, ఈ కారు మంచిదా అనే వైపు పోతుంది. నాది 40 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) బ్యాటరీ ఉన్న చిన్న ఎస్‌యూవీ. ఆ సైజులో ఏది కొన్నా హైవే లెక్కలు కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటాయి.

కాగితం మీద రేంజ్, అంటే ఒకసారి నిండా చార్జ్ చేస్తే పోయే దూరం, 430 కిలోమీటర్ల పైచిలుకు. అది అబద్ధమని నేను అనను. ఆ అంకె తేల్చే పరీక్ష రోలర్ల మీద, ఏసీ ఆపి, ఊళ్లో తిరిగేంత సగటు వేగంతో చేస్తారు. మనం పోయేది 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఏసీ వేసుకుని, వెనక సీట్లో అమ్మని, డిక్కీలో చీరల మూటల్ని పెట్టుకుని. నాకు వచ్చేది 250 నుంచి 280. మొదటి నెలలో ఈ తేడా చూసి మోసపోయాననుకున్నాను. తర్వాత రేంజ్ అంకెను చూడటం మానేసి, యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడికి అలవాటైన పనే కదా.

ఆ పుస్తకం చెప్పేది ఇది. గాలి లేని రోజున, ఏసీ వేసుకుని, 80 మీద నిలకడగా పోతే యూనిట్‌కు 7 కిలోమీటర్లు. 90 మీద 6.2. 100 మీద 5.5. నాలుగు వరుసల హైవే మీద కార్లకు 100 వరకూ అనుమతి ఉంది, కాబట్టి 100 మీద పోవడం తప్పేమీ కాదు. కానీ వేగం 80 నుంచి 100కి, అంటే పాతిక శాతం పెరిగితే, గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం 56 శాతం పెరుగుతుంది. పెట్రోలు బండిలో ఇది మనకు తెలియదు. ఆ ఇంజను ఎలాగూ సగానికి పైగా పెట్రోలును వేడి చేసి పారేస్తుంది, పైగా ఊళ్లో ఆగుతూ సాగుతూ పోతే ఇంకా దండగ. అందుకే హైవే ఎక్కితే మైలేజీ పెరుగుతుందని మనకు అలవాటైపోయింది. ఎలక్ట్రిక్ మోటారులో అలా వృథాగా పోయేది తక్కువ. గాలి తినేసినదంతా నేరుగా మీటర్లో కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ కారుకు ఊరే సుఖం, హైవేనే కష్టం.

అసలు ఈ సమీక్ష రాయడానికి కారణం మాత్రం గాలి దిక్కు. కారు ఎలా నడపాలో చెప్పినవాళ్లు పదిమంది ఉన్నారు గానీ, దీని గురించి నాకు ఒక్కరూ చెప్పలేదు. బరంపురం నుంచి విశాఖకు దారి సముద్రం వెంబడి దాదాపు నైరుతిగా పోతుంది. ఎండాకాలం, వానాకాలం ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే. అంటే పోయేటప్పుడు ముఖానికి కొడుతుంది, వచ్చేటప్పుడు వీపు తడుతుంది. కార్తీకం దాటాక ఈశాన్యపు గాలి, అప్పుడు లెక్క తిరగబడుతుంది. మీరు 85 మీద పోతుంటే ఎదురుగాలి 15 ఉంటే, గాలి లెక్కలో మీరు 100 మీద పోతున్నట్టే. స్పీడోమీటరుకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు నేను ఇచ్ఛాపురం దాటగానే ఉద్దానం కొబ్బరిచెట్ల మట్టలు ఎటు వాలుతున్నాయో చూస్తాను. భువనేశ్వర్ వైపు పోయేటప్పుడైతే రంభ దగ్గర, చిలికా కనిపించే చోట చూస్తాను.

ఇది నేర్చుకున్నది మొదటి ఏడాది జూన్‌లో. విశాఖలో మా పిన్ని కూతురి పెళ్లి. ముందురోజు పనుల హడావిడిలో చార్జింగు పూర్తి కాలేదు, 80 శాతంతో బయల్దేరాం. తెర మీద 230 కిలోమీటర్లు అని చూపిస్తోంది. వారమంతా ఊళ్లో నెమ్మదిగా తిరిగిన అలవాటును బట్టి వేసిన అంకె అది. నరసన్నపేట 140 కిలోమీటర్లే, అక్కడ చార్జర్ ఉంది, ఇంకేం అనుకుని 95 మీద వదిలాను. పలాస దాటేసరికి శాతం నేను అనుకున్నదాని కంటే బాగా కింద ఉంది. టెక్కలి దగ్గర మా ఆవిడ, "ఏవండీ, ఇది పడిపోతున్నట్టుంది కదా" అంది. నేను వినిపించుకోలేదు. యూనిట్‌కు 4.9 వస్తోంది. నరసన్నపేటలో చార్జర్ ముందు ఆగేసరికి 9 శాతం. చార్జర్ తెర నల్లగా ఉంది. యాప్‌లో మాత్రం అందుబాటులో ఉందని పచ్చగా వెలుగుతోంది. నంబరుకు ఫోన్ చేస్తే పాట వినిపించింది.

శ్రీకాకుళం ఇంకా 22 కిలోమీటర్లు. ఏసీ ఆపేశాను. ఎడమ వరుస పట్టుకుని 50 మీద పోనిచ్చాను. మడపాం వంతెన మీద వంశధార నుంచి వేడిగాలి లోపలికి కొడుతోంది. పట్టుచీర కట్టుకున్న అమ్మ చెమటలో తడిసిపోతోంది. గడ్డి మోపులు వేసుకున్న ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. "ఒరేయ్ పెద్దోడా, పదిహేను లక్షలు పోసింది ఇందుకేనా రా?" అంది అమ్మ. 9 కాస్తా 7, 5, 4. అయితే ఆ టెన్షన్‌లోనే ఒక సంగతి కనిపించింది: అదే కారు, అదే ఎదురుగాలి, యూనిట్‌కు 8 దాటి వస్తోంది. శ్రీకాకుళంలో రెండు శాతంతో ప్లగ్ పెట్టాను. అక్కడున్న కుర్రాడు తెర చూసి, "ఏటి బాబూ, రెండు సాతంతో వచ్చీసారేటి!" అని నవ్వాడు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. పొద్దున్న 100 శాతంతో బయల్దేరతాను. రోజూ చార్జింగు 80 శాతం దగ్గరే ఆపుతాను గానీ, హైవే ఉన్న రోజు మాత్రం నిండుగా. వేగం 85, ఎదురుగాలి ఉంటే 75. 100 మీద పోతే దారిలో సుమారు 40 నిమిషాలు కలిసొచ్చేలా కనిపిస్తుంది నిజమే. కానీ 100 మీద నాకు 48 యూనిట్లు కావాలి. చివర్లో కాస్త మిగలాలంటే మధ్యలో 14 యూనిట్లు నింపుకోవాలి, దానికి అరగంట దగ్గర పడుతుంది. 80 మీద 38 చాలు, పలాసలో టీ తాగేలోపు కావలసిన నాలుగైదు యూనిట్లు ఎక్కేస్తాయి. అంటే చివరికి మిగిలే లాభం ఇరవై నిమిషాలు. పైగా ఇంట్లో యూనిట్ ఆరు రూపాయల చుట్టూ పడుతుంటే, దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఇరవై చుట్టూ. ఆ ఇరవై నిమిషాలు నాకు అంత విలువైనవి కావు. మీకు అయితే, పొండి.

ఏసీ గురించి అందరూ భయపెడతారు. హైవే మీద దాని వాటా చిన్నది, గంటకు ఒక యూనిట్, అంటే ఆరేడు కిలోమీటర్లు. ఏసీ ఆపి అద్దాలు దించితే 80 మీద గాలి లోపల దూరి ఆ మిగులులో కొంత లాగేస్తుంది. నా ఉద్దేశంలో మామూలు రోజున ఏసీ ఆపుకోవడం పిసినారితనమే. ఇంట్లో ప్లగ్ తీయకముందే పది నిమిషాలు ఏసీ వేసి కారు చల్లబరిస్తే చాలు.

రీజెన్ అంటే కాలు తీసినా, బ్రేకు వేసినా మోటారే కారు వేగం తగ్గిస్తూ కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపడం. బ్యాటరీ నిండుతుంది కదా అని కొత్తవాళ్లు దాన్ని ఎక్కువలో పెట్టి నడుపుతారు. హైవే మీద అది దండగ. పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాదు, ప్రతి మార్పిడిలో కొంత పోతుంది. నేను అన్నిటికంటే తక్కువలో పెట్టి, టోల్‌గేట్ దూరంగా కనిపించగానే కాలు తీసేసి జారనిస్తాను. ఘాట్‌లో మాత్రం సంగతి వేరు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ పోయేటప్పుడు చదునైన దారి మీద కంటే మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు అదనంగా తాగుతుంది. దిగేటప్పుడు రీజెన్ పూర్తిగా పెడితే రెండు వరకూ తిరిగొస్తాయి, బ్రేకులు ముట్టుకోనక్కర్లేదు. ఒకసారి కొరాపుట్‌లో హోటలువాళ్లు ప్లగ్ ఇచ్చారు కదా అని 100 చేసి దిగాను. నిండిన కుండలో నీళ్లు పడతాయా? రీజెన్ పనిచేయలేదు, ఘాట్ పైభాగమంతా బ్రేకుల మీదే దిగాను. ఇప్పుడు అక్కడ 85 దగ్గర ఆపేస్తాను.

వానలో తడి రోడ్డు మీద యూనిట్‌కు అర కిలోమీటరు వరకూ తగ్గుతుంది, దానికి చేసేదేమీ లేదు. లారీ వెనక అంటుకుని పోతే గాలి తప్పుతుందనే వాళ్లున్నారు. నిజంగానే తప్పుతుంది. కానీ ఇటుక లారీ ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ఆ మిగిలిన అర యూనిట్‌తో ఏం చేసుకుంటారు?

మూడేళ్లకు బ్యాటరీ నా లెక్కలో నాలుగైదు శాతం తగ్గింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బాధంతా టైర్లది. 48 వేల దగ్గర టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు, కారుతో వచ్చిన రకం మా ఊళ్లో దొరకలేదు. దుకాణంలో మంచి గ్రిప్ అని చెబితే లావు పళ్లవి వేయించుకున్నాను. గ్రిప్ మంచిదే, కానీ తేలిగ్గా దొర్లే రకం కాదు. అదే దారి, అదే 85, అంతకుముందు 6.6 వచ్చేది 6.1కి పడింది. గాలి ఎక్కువ కొట్టించి చూశాను, వారానికోసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలిచి చూశాను, 6.2 దాటలేదు. అవి అరిగేదాకా ఇంకో పాతిక వేల కిలోమీటర్లు దీనితోనే గడపాలి. ఈసారి మాత్రం పాత రకం విశాఖలో ముందే చెప్పి తెప్పించుకుంటాను.