మారొకెట్టి విగ్రహాల వెంట రెండు గంటల నడక

లండన్‌లో కార్లో మారొకెట్టి చేసిన విగ్రహాలను గైడు వెంట నడుస్తూ చూసే రెండు గంటల టూరుకు మొన్న శనివారం వెళ్లి వచ్చాను. 1805లో టురిన్‌లో పుట్టి, పారిస్‌లో పేరు తెచ్చుకుని, 1848లో ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగినప్పుడు ఆయనలాగే ఇంగ్లండు చేరిన ఈ శిల్పికి విక్టోరియా రాణి ఆదరణ ఎంత దక్కిందో, పరదేశికి ఇన్ని పనులు అప్పగించడమేమిటని గుర్రుగా ఉన్న ఇక్కడి శిల్పుల నిష్ఠూరాలూ అంతే దక్కాయి.

పార్లమెంటు పక్కనున్న సింహహృదయ రిచర్డు అశ్వారూఢ విగ్రహం దగ్గర గైడు తీరిగ్గా నిలబెట్టి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. 1851 మహా ప్రదర్శనలో మట్టి నమూనాగా నిలిచిన రాజు 1860లో కంచులో ఇక్కడికి వచ్చాడనీ, 1940లో బాంబు పడినప్పుడు ఎత్తిన కత్తి విరగకుండా వంగిపోయిందనీ చెబుతూ, ఆనాటి ఫోటోను అసలు విగ్రహానికి సరిగ్గా ఎదురుగా పట్టి చూపించాడు. ఇప్పుడు తిన్నగా ఉన్న కత్తినీ, ఫోటోలోని వంగిన కత్తినీ ఒక్క చూపులో పోల్చుకోగలిగాము. ట్రఫాల్గర్ స్క్వేర్ సింహాలను రూపుదిద్దినది చిత్రకారుడు లాండ్సియర్ అయినా, పోతపోసింది మాత్రం మారొకెట్టి కార్ఖానాలోనే అన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. (పిల్లలు వాటి వీపులెక్కకుండా చూసుకోవడం వేరే పని.)

వాటర్లూ ప్లేస్‌లోని లార్డ్ క్లైడ్ విగ్రహాన్ని మాత్రం రెండు నిమిషాల్లో ముగించడం నాకు బొత్తిగా నచ్చలేదు. 1857 తిరుగుబాటును అణచి లక్నోను తిరిగి పట్టుకున్న కోలిన్ కాంప్‌బెల్ ఆయనే. పీఠం దగ్గర సింహంపై కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌కు ప్రతీకగా చూపే స్త్రీమూర్తి) కూడా ఆ విజయానికి సంకేతమే. అదే మారొకెట్టి, కాన్పూరులో హతులైన ఆంగ్లేయ స్త్రీలనూ పిల్లలనూ పడేసిన బావిపైన నిలపడానికి, చేతుల్లో తాటాకులు అడ్డంగా పట్టుకున్న పాలరాతి దేవదూతను చేశాడు. ఆ స్మారక తోటలోకి అనుమతి పత్రం లేని భారతీయులను రానిచ్చేవారు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ శిల్పాన్ని అక్కడి ఆల్ సోల్స్ చర్చి ఆవరణకు తరలించారు. సమూహంలో సగంమందిమి భారతీయులమే అయినా గైడు ఇందులో ఒక్క ముక్కైనా చెప్పలేదు. నేను అడిగితే, సమయం లేదన్నాడు.

టెంపుల్ స్టేషన్ దగ్గరి ఇంజనీరు బ్రూనెల్ విగ్రహంతో నడక ముగుస్తుంది. శిల్పకళపై ఆసక్తి ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు గానీ, క్లైడ్ గురించి మాత్రం ముందే చదువుకుని వెళ్లండి.