మైల్స్‌తో అమెరికా టికెట్: ఎంతవరకు లాభం?

నల్గొండలో ఏ వీధిలో చూసినా ఒకరి పిల్లలైనా అమెరికాలో ఉంటారు, అందుకే రాస్తున్నా. అమ్మానాన్నలను మైల్స్‌తో, అంటే విమాన సంస్థలు ఇచ్చే రివార్డు పాయింట్లతో, డల్లాస్ పంపుదామని వెతికితే మే, జూన్ నెలల్లో సీటు దొరకడమే గగనం. విమానం ఖాళీగా ఉన్నా మైల్స్‌కు ఇచ్చే సీట్లు కొన్నే, వాటిని కూడా చాలా సంస్థలు ప్రయాణానికి దాదాపు 11 నెలల ముందే తెరుస్తాయి. అప్పుడే పట్టుకోవాలి.

నాకు బాగా నచ్చింది పార్ట్‌నర్ విమానాల సంగతి. ఎయిర్ ఇండియా 2014లో స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది, లుఫ్తాన్సా కూడా అందులోదే కాబట్టి, దాని పాయింట్లతోనే శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోయే లుఫ్తాన్సాలో కూడా సీటు వెతకొచ్చు.

ఫ్రీ టికెట్ అనుకోకండి. పేమెంట్ పేజీలో టికెట్ ధర పోయినా దాని కింద పన్నులు, కొన్నిచోట్ల ఇంధన సర్‌ఛార్జీ కూడా వేసి ఉంటాయి, అవి డబ్బులే కట్టాలి. నా బ్యాంకు కార్డు పాయింట్లు మైల్స్‌గా మారేలోపే చూసుకున్న సీటు పోయింది, కస్టమర్ కేర్ వాళ్లు మాత్రం ఆగమనే చెప్పారు, చాలా కోపమొచ్చింది. ఒకసారి మార్చిన పాయింట్లు మామూలుగా వెనక్కి రావు, కాబట్టి ఏ కార్డు ఎంత త్వరగా మారుస్తుందో ముందే అడగండి.

అయిదుకు మూడు ఇస్తా. తేదీలు అటూఇటూ జరుపుకోగలిగినవాళ్లకు నాలుగు.