రోళ్లపాడు గడ్డి, వీరాపురం చింతచెట్లు, గండికోట లోయ: ఎక్కడ ఏ బైనాక్యులర్ పనికొచ్చింది

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. బడి వెనక వేపచెట్టు మీద వాలే పిట్టల్ని నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆ పిల్లకు మంచి బైనాక్యులర్ కొనివ్వాలనుకున్నాం. దుకాణంలో పెట్టెల మీద అంకెలు చూస్తే అన్నీ గొప్పవే. అందుకే కొనేముందు, ఉన్నవి పట్టుకుని మన ఎండలో మన పక్షుల దగ్గరికే వెళ్లి చూద్దామని ఫిబ్రవరిలో కర్నూలు నుంచి బయల్దేరాం. నా పాత 8×42, స్నేహితుడిచ్చిన బరువైన 10×50, చుట్టాలింట్లో వాడకుండా పడున్న జేబు సైజు 10×25. ఈ మూడూ మా వెంట ఉన్నాయి.

మొదట ఆగింది గార్గేయపురం చెరువు దగ్గర. కర్నూలు నుంచి నందికొట్కూరు రోడ్డులో ఊరు దాటగానే వస్తుంది, పక్కనే నగరవనం. కొత్తవాళ్లు చెయ్యి తిప్పుకోవడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. పక్షులు నీళ్లలో నిలబడి ఉంటాయి, ఎగిరిపోవు, వెతుక్కునే టైముంటుంది. అంకెల సంగతి కూడా మా పిల్లకు ఇక్కడే చెప్పాను. 8×42లో మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే మన కంటికి చేరే వెలుగు గుండ్రం ఎంతో వస్తుంది. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. 10×25లో అది రెండున్నరే. పట్టపగలు మన కంటిపాప ఎలాగూ రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుని ఉంటుంది కాబట్టి తేడా తెలీదు. పొద్దు వాలాక కంటిపాప విచ్చుకుంటుంది, అప్పుడు జేబుది చాలదు.

ఆ పిల్ల ముందు 10×50 అడిగింది. పెద్దది కదా, దూరం కనపడుతుందని. కళ్లకు పెట్టుకోగానే "మామా, రెండు గుండ్రాలు కనపడతాండాయి" అంది. పిల్లల కళ్ల మధ్య దూరం పెద్దవాళ్లకన్నా తక్కువ. చాలా బైనాక్యులర్లు 56 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి, అంతకంటే దగ్గరికి మడవలేం. పాత 10×50 అంత కూడా మడత పడలేదు. పిల్లలకు కొనేవాళ్లు అద్దం ముందు నిలబెట్టి, స్కేలుతో రెండు కంటిపాపల మధ్య దూరం కొలవండి. మిగిలిన లెక్కలన్నీ దాని తర్వాతే.

ఇక రోళ్లపాడు. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం చేశారు, విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పిట్ట ఇప్పుడు దేశంలోనే రెండు వందలు కూడా లేదు, ఉన్నవి కూడా ఎక్కువగా రాజస్థాన్‌లోనే. ఆ పిట్ట కనిపిస్తుందన్న ఆశతో ఎవరూ రోళ్లపాడు రావొద్దు. గడ్డి కోసం రండి, కృష్ణజింకల కోసం, భరతపిట్టల కోసం, చలికాలం సాయంత్రాల్లో ఆ గడ్డిలో నిద్రకు దిగే హ్యారియర్ గద్దల కోసం రండి.

మొదటి రోజు మాకు కారు పంపినవాళ్లు తెల్లవారుజామున ఐదింటికని మాటిచ్చి ఆరున్నర దాటించారు. చేరేసరికి ఎండ ఎక్కేసింది. అక్కడి వాచర్ మమ్మల్ని చూడగానే అన్న మాట: "పొద్దెక్కినాక వస్తే గడ్డి ఆడేది తప్ప ఏం కనపడదు సార్. మబ్బులోనే రావల్ల." అంటే తెల్లారకముందే. అక్షరాలా అదే జరిగింది. తొమ్మిదిన్నరకే నేల వేడెక్కి, దూరంగా ఉన్న జింకల కాళ్లు నీళ్లలో ఊగుతున్నట్టు కనిపించాయి. 10×50 పెడితే ఆ ఊగడం ఇంకా పెద్దదైంది. ఎక్కువ రెట్లు ఉంటే ఎక్కువ కనపడుతుందనుకునేవాళ్లను నేను ఇక్కడికే తీసుకొస్తాను. పక్షితో పాటు వేడిగాలి కదలికనీ, మన చెయ్యి వణుకునీ కూడా అది అన్ని రెట్లూ పెంచి చూపిస్తుంది. ఎండకాలం ఏడు నెలలుండే మన సీమలో ఇది చిన్న విషయం కాదు.

మరుసటి రోజు వేరే డ్రైవర్‌ని మాట్లాడుకున్నాం. నందికొట్కూరు కుర్రాడు, చెప్పిన టైముకు పది నిమిషాల ముందే ఇంటి ముందున్నాడు. రోజు బాడుగ కొంచెం ఎక్కువ తీసుకున్నా, ఆగమన్న చోటల్లా ఆగాడు, ఇంజన్ ఆపాడు, తలుపు చప్పుడు కాకుండా వేశాడు. పక్షుల కోసం కారు మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు కన్నా ఈ ఓపికే చూడాలి. ఎన్నింటికి బయల్దేరాలో, ఎన్ని గంటలు ఊరికే నిలబడాల్సి వస్తుందో ముందే విప్పి చెప్పండి.

ఆ పొద్దున భరతపిట్ట ఒకటి నేల మీంచి లేచి, మెట్లు ఎక్కి దిగినట్టు గాల్లో ఆడుతూ కూసింది. 8×42లో పిల్ల దాన్ని వెంటాడగలిగింది. అదే పిట్టను 10×50లో పట్టుకోబోతే ఆకాశమే తప్ప పిట్ట చిక్కలేదు. ఎనిమిది రెట్ల వాటిలో సాధారణంగా వెయ్యి మీటర్ల దూరంలో 120 నుంచి 140 మీటర్ల వెడల్పు కనపడుతుంది, పది రెట్ల వాటిలో వంద పైచిలుకే. కదిలే చిన్న పిట్టను పట్టుకోవాలంటే ఈ వెడల్పే ముఖ్యం. కొత్తవాళ్లకు మరీ ముఖ్యం.

సాయంత్రం మళ్లీ వచ్చాం. సూర్యుడు గడ్డి అంచుకు దిగాక గద్దలు ఒక్కొక్కటే తక్కువ ఎత్తులో తేలుతూ వచ్చాయి. హ్యారియర్లలో మగవాటిని కొత్తవాళ్లు కూడా విడదీయొచ్చు. పాలిడ్ హ్యారియర్ మగది దాదాపు తెల్లగా ఉంటుంది, రెక్క కొసన సన్నటి నల్ల మేకు ఆకారం. మాంటేగూ మగది ముదురు బూడిద రంగు, రెక్క పైభాగాన అడ్డంగా నల్ల గీత. గోధుమరంగు ఆడవాటి జోలికి మొదట్లో పోవద్దు, అనుభవజ్ఞులకే అవి తేలవు. ఆ వెలుగులో 10×25 చేతిలో ఉన్నా లేనట్టే, నల్ల గీత ఎక్కడుందో చూపించలేకపోయింది. 8×42లో గీత స్పష్టంగా దొరికింది. పిల్ల నోటుపుస్తకంలో "మాంటేగూ, మగ" అని రాసి రెండు గీతలు కొట్టుకుంది. నా మనసులో కొనాల్సిందేదో ఆ క్షణానే తేలిపోయింది.

రోళ్లపాడు దగ్గర బస గురించి: లోపల ఉండాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా సలహా కర్నూల్లోనే ఉండడం. బస్టాండు చుట్టుపక్కల అన్ని ధరల లాడ్జీలూ ఉన్నాయి. రాత్రే డబ్బు కట్టేసి, వాచ్‌మన్‌కి గేటు తియ్యమని చెప్పి పడుకోండి. తిరిగొచ్చేటప్పుడు నందికొట్కూరులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆకలి మీద ఉన్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి.

వీరాపురం వేరే లోకం. హైవే మీద అనంతపురం, పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర దిగి చిలమత్తూరు వైపు వెళ్లాలి. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊళ్లో చాలామంది వీటిని సైబీరియా కొంగలంటారు. నిజానికి ఇవి మన దేశపు పక్షులే, నీళ్లనూ చేపలనూ బట్టి చోటు మారుతుంటాయి. పసుపు ముక్కు, రొమ్ము మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఇళ్ల మీదే ఉంటాయి కాబట్టి బైనాక్యులర్ లేకపోయినా చూడొచ్చు. ఉంటే మాత్రం తల్లి గూట్లో కక్కిన చేపను పిల్ల మింగడం దాకా కనపడుతుంది. ఇక్కడ పది రెట్లు అనవసరం, మెడ నొప్పి తప్ప.

ఓ ఇంటి ముందు నిలబడి "అమ్మా, మీ వాకిట్లోంచి చూడొచ్చా?" అని అడిగితే, ఆ పెద్దావిడ "చూడు నాయనా, గట్టిగా అరవొద్దు, గూళ్లల్లో పిల్లలుండాయి" అంది. ఈ ఊరివాళ్లు చెట్లు కొట్టకుండా, రాయి విసరనివ్వకుండా కాపాడబట్టే ఆ కొంగలున్నాయి. అడగకుండా వాకిళ్లలోకి చొరబడేవాళ్లనూ, ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపేవాళ్లనూ చూస్తే నాకు కడుపు మండుతుంది. ఊళ్లో బస లేదు, హిందూపురంలో ఉండండి. నెత్తిన టోపీ మర్చిపోవద్దు, రెట్ట పడుతుంది.

అక్కణ్నుంచి కదిరి, పులివెందుల మీదుగా గండికోట. పెన్నా కోసిన లోయ అంచున నిలబడితే పక్షులు మన కాళ్ల కింద ఎగురుతాయి. 10×50కి న్యాయం జరిగింది ఇక్కడ ఒక్కచోటే. కోటగోడ మీద మోచేతులు ఆనించి చూస్తే చెయ్యి వణకదు, పొద్దున గాలి చల్లగా ఉంటుంది, అవతలి రాతిగోడ మీద పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. రాతి వానకోవెలలు (క్రాగ్ మార్టిన్ పిట్టలు) గోడల వెంట తిరుగుతూ కనిపించాయి. బస పర్యాటక శాఖ హరిత హోటల్లో: గదులు సాదావి, భోజనం మామూలు, కానీ లేచి నడిస్తే కోట దగ్గరే, పక్షులు చూసేవాళ్లకు ఆ ఒక్కటి చాలు. శని, ఆదివారాలు వెళ్లొద్దు. చుట్టుపక్కల గుడారాల్లో రాత్రంతా పాటలు మోగుతాయి.

సిద్ధవటంలో తక్కువసేపే ఉన్నాం. లంకమల అడవులు కలివికోడి ఇల్లు. 1900 తర్వాత కనపడకుండా పోయిన ఆ పక్షి 1986లో ఈ వైపే మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పక్షి. దాని కోసం టార్చిలైట్లు పట్టుకుని పొదల్లో తిరగడం మనబోటివాళ్ల పని కాదు, దాన్ని వదిలెయ్యడమే మనం చెయ్యగల సాయం. కోటలో పెన్నా ఒడ్డున పాలపిట్టలు, పసరిక పిట్టలు చూసుకుని కడపకొచ్చి కారం దోసె తిన్నాం.

ఇంతకూ ఏం కొన్నామంటే, నికాన్ ప్రోస్టాఫ్ పీ3, 8×42. ఆరు వందల గ్రాముల లోపు బరువు, నీళ్లు లోపలికి పోవు. ఇదే కంపెనీ అక్యులాన్ ఏ211, 8×42 ఇంకాస్త చవక, చూపు కూడా వెడల్పు. కాకపోతే ముప్పావు కిలో బరువు, తడికి ఆగదు. ఇంటి దగ్గర చెరువు గట్టునే చూసుకునేవాళ్లకు అక్యులాన్ నిజంగా మంచి బేరం. పిల్ల మెడలో పొద్దంతా వేలాడాలి కాబట్టి మేం తేలికదానికి వెళ్లాం. ఏది కొన్నా చవక అంగళ్ల మాయలో పడొద్దు. ఎర్రగా మెరిసే అద్దాలు వెలుగును తినేస్తాయి. జూమ్ ఉన్నవాటిలో చూపు ఇరుకు. అరచేతిలో పట్టే దాని మీద 30×60 అని రాసి ఉంటే స్కేలు పెట్టి ముందు అద్దం కొలవండి, అరవై మిల్లీమీటర్లు అందులో ఎక్కడా ఉండవు.

కళ్లజోడు ఉన్నవాళ్లు, నాలాగా, ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనపడాలంటే కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండే దూరం) 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి, కంటి కప్పులు లోపలికి తిప్పి జోడుతోనే చూడండి. దుకాణంలో గోడలు చూసి తేల్చొద్దు, బయటికి తెచ్చి ఎండలో కరెంటు తీగను చూడండి. తీగ అంచున ఊదారంగు ఎంత తక్కువుంటే అంత మంచిది. రెండు తీగలు కనిపిస్తే అక్కడే వెనక్కిచ్చెయ్యండి. బయటికి తేనివ్వని దుకాణం మాకూ ఒకటి తగిలింది, దాంట్లో కొనలేదు. కుడి కంటి దగ్గరుండే చిన్న చక్రాన్ని మీ చూపుకు సరిచేసుకున్నాక దాని మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి, ఇంట్లో అందరూ తిప్పేస్తుంటారు. రోళ్లపాడు దుమ్ము పడ్డ అద్దాన్ని చొక్కా కొసతో తుడవొద్దు, గీతలు పడతాయి. ముందు గాలి ఊదే బుడ్డితో దుమ్ము లేపేసి, తర్వాతే మెత్తటి గుడ్డ.