లాంకాస్టర్ ఆర్5868 మోడల్ కిట్: అతుకులు చక్కగా కుదిరాయి, తేదీలు కుదరలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన నడిపిన అవ్రో లాంకాస్టర్ భారీ బాంబర్లలో ఆర్5868 అనే ఒకే ఒక్క విమానానికి సంబంధించిన 1/72 స్కేల్ ప్లాస్టిక్ కిట్ ఇది. పెట్టె మీద ఆ సంఖ్య చూసే కొన్నాను. తయారైన 7,377 లాంకాస్టర్లలో మూడు వేలకు పైగా దాడుల్లోనే నష్టపోగా, ఈ విమానం 137 దాడులకు వెళ్లి తిరిగివచ్చి, నేటికీ లండన్‌లో హెండన్ వద్ద ఉన్న వాయుసేన మ్యూజియంలో నిలిచి ఉంది. అలాంటి విమానానికి నమూనా చేసేవారు దాని చరిత్రను శ్రద్ధగా చదివి ఉంటారని ఆశించాను.

విడిభాగాల విషయంలో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. రెక్కల చివరి నుంచి చివరికి 43 సెంటీమీటర్లు ఉన్న ఈ నమూనాలో నాలుగు మెర్లిన్ ఇంజన్ల తొడుగుల దగ్గర మాత్రమే కొద్దిగా పుట్టీ పెట్టవలసి వచ్చింది. అన్నిటికంటే నచ్చినది బాంబుల అర. అసలు విమానంలో దాదాపు 33 అడుగుల పొడవున మధ్యలో అడ్డుగోడ లేకుండా సాగే ఆ అర వల్లనే 4,000 పౌండ్ల ‘కుకీ’ బాంబును, దాని పక్కనే నిప్పు బాంబుల పెట్టెలను కలిపి మోయడం లాంకాస్టర్‌కు సాధ్యమైంది. కిట్‌లో ఆ రెండూ ఉన్నాయి, తలుపులు తెరిచి ఉంచే వీలు కూడా ఉంది.

లోపమంతా డీకాల్స్‌లో, అంటే నమూనా మీద అతికించే అక్షరాలూ గుర్తుల షీట్‌లో ఉంది. ఆర్5868 రెండు జీవితాలు గడిపింది. 1942 జూలైలో విల్‌హెల్మ్స్‌హావెన్ మీద తొలి దాడికి వెళ్లినప్పుడు అది 83వ స్క్వాడ్రన్‌లో ఉంది, దాని మీద రాసిన గుర్తింపు అక్షరాలు ఓఎల్-క్యూ. 1943 సెప్టెంబరులో ఆస్ట్రేలియన్లకు చెందిన 467వ స్క్వాడ్రన్‌కు మారిన తరువాత పీఓ-ఎస్. మొత్తం దాడుల్లో దాదాపు సగం మొదటి స్క్వాడ్రన్‌లో, మిగిలిన సగం రెండో దానిలో జరిగాయి. కిట్‌లో రెండు రకాల అక్షరాలూ ఇచ్చారు గాని, ముక్కు పక్కన ఒక్కో దాడికి ఒకటి చొప్పున వరుసలుగా అతికించవలసిన బాంబు గుర్తులను మాత్రం మొత్తం దాడులకూ కలిపి ఒకే పూర్తి సెట్‌గా ఇచ్చి, సూచనల కాగితంలో దానిని 1942 నాటి ఓఎల్-క్యూకు కూడా వాడమన్నారు. శత్రు విమానమేదీ జర్మన్ భూభాగం మీదుగా ఎగరదని జర్మన్ వాయుసేన అధిపతి గోరింగ్ అన్న మాటను ఆ గుర్తుల దగ్గర రాసినది 467వ స్క్వాడ్రన్ రోజుల్లో. దానిని 1942 నాటి రూపానికి అతికించమనడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఇది చిన్న విషయమని కొందరు అనవచ్చు. నాకు అలా అనిపించదు, ఎందుకంటే ఆ ఒక్కొక్క గుర్తు ఏడుగురు సిబ్బంది తిరిగివస్తామో లేదో తెలియక బయలుదేరిన ఒక ప్రయాణానికి లెక్క. బ్రిటిష్ వాయుసేనలో బాంబర్లను నడిపిన విభాగమైన బాంబర్ కమాండ్ సిబ్బందిలో 55,573 మంది ఆ యుద్ధంలో మరణించారు, వారు బాంబులు వేసిన నగరాల్లో అంతకు ఎన్నో రెట్లు సామాన్యులు చనిపోయారు.

కొనదలచినవారు పీఓ-ఎస్ రూపాన్నే ఎంచుకుని, దానిని యుద్ధం చివరి నెలల నాటిదిగా చూపితే పూర్తి సెట్ సరిగ్గా సరిపోతుంది. ఓఎల్-క్యూ కావాలంటే గోరింగ్ మాటను వదిలేసి, గుర్తుల షీట్‌ను కత్తిరించి, ఎంచుకున్న నెలకు తగినన్ని వరుసలే అతికించాలి. నేను 1942 జూలైని ఎంచుకుని ఒక్క గుర్తుతో ఆపాను.