కాకసా, ప్రైమరీయా: ఏది తక్కువ తలనొప్పి?

అమెరికాలో పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ఉన్న దారులు ఇవి. కాకస్ అనే ఓటర్ల సమావేశాన్ని పార్టీయే నడుపుతుంది. ప్రైమరీని చాలాచోట్ల ప్రభుత్వ యంత్రాంగం నడుపుతుంది.

కాకస్‌లో ఓటేయాలంటే చెప్పిన టైముకి హాల్లో ఉండాలి. 2020లో అయోవా రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీవాళ్లు అభ్యర్థివారీగా గుంపులు కట్టి నిలబడ్డారు. చాలాచోట్ల 15 శాతం మంది కూడా చేరని గుంపులోవాళ్లు మరో గుంపు వెతుక్కోవాల్సిందే. నైట్ డ్యూటీ నర్సుకి ఇదంతా కుదిరే పనేనా? పైగా ఆ ఫిబ్రవరి 3 రాత్రి లెక్కలు పంపాల్సిన యాప్ మొరాయించింది. ఫోన్ చేస్తే లైను దొరకలేదు. గెలిచిందెవరో తేలకుండానే తెల్లారింది! లెక్క సరిచూసుకోవడానికి ఓటర్లు నింపిన కాగితపు కార్డులు ఉండబట్టి సరిపోయింది.

ప్రైమరీ మనకు అలవాటైన పోలింగ్ లాంటిదే. వెళ్లి, ఓటేసి, ఇంటికి రావడమే. అదీ సజావుగా సాగుతుందని కాదు. అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీలో (మన జిల్లా లాంటిది) 2012లో 200 దాకా ఉన్న పోలింగ్ కేంద్రాలను 2016లో 60కి కుదించారు, ఖర్చు మిగులుతుందని. జనం గంటల తరబడి నిలబడ్డారు, కొందరు ఓటేసేసరికి అర్ధరాత్రి దాటింది. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లకు ఆ ఎన్నికలో ఓటు లేదు. ఆ సంగతి తెలియక వచ్చినవాళ్లతో లైన్లు ఇంకా పెరిగాయి.

అయినా నేను ప్రైమరీ వైపే. కేంద్రాలు పెంచితే లైను తగ్గుతుంది. కాకస్ ఇబ్బంది మాత్రం దాని పద్ధతిలోనే ఉంది. కొలరాడో రాష్ట్రం 2020లో కాకస్ మానేసి ప్రైమరీకి మారింది, అక్కడ బ్యాలట్ పోస్టులో ఇంటికే వస్తుంది.