షాంగ్-చీ, డేర్‌డెవిల్: ముఠా గద్దెనెక్కిన హీరోల్లో ఎవరి కథ మేలు?

కాజీపేటలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేసి అడిగాడు. "అన్నా, ఒక్క పుస్తకానికే పైసలున్నయ్. హీరోనే గ్యాంగ్‌కు పెద్దయి దాన్ని బాగుచేసే కథ కావాలె. షాంగ్-చీ కొనాల్నా, డేర్‌డెవిల్ షాడోలాండ్ కొనాల్నా?" రెండూ మార్వెల్ కంపెనీ కామిక్ పుస్తకాలే, నా దగ్గర ఉన్నాయి. వాడికి ఇస్తే మళ్లీ రావు కాబట్టి సలహా మాత్రమే ఇచ్చాను. ఆ సలహా కొంచెం పొడుగైంది.

ముందు డేర్‌డెవిల్ సంగతి. అసలు పేరు మ్యాట్ మర్డాక్, న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ అనే వాడలో చూపులేని వకీలు. తండ్రి బాక్సర్, ఆయన నుంచి వచ్చిన ముఠా ఏదీ లేదు. 'హ్యాండ్' అనే నింజాల ముఠా ఫ్రాంక్ మిల్లర్ 1981లో పుట్టించినప్పటి నుంచి అతనికి శత్రువు. 2009లో వచ్చిన 500వ సంచికలో రచయిత ఎడ్ బ్రూబేకర్ ఆ ముఠా గద్దెనే అతనికి అప్పగించాడు. దాని మీద న్యూయార్క్ నేరగాళ్ల పెద్ద కింగ్‌పిన్ కన్ను కూడా ఉంది. వాడి చేతికి పోయేకంటే నేనే కూర్చుని దీన్ని మంచికి వాడతాను అన్నది మ్యాట్ లెక్క. 2010లో యాండీ డిగిల్ రాసి బిల్లీ టాన్ బొమ్మలు వేసిన షాడోలాండ్ 5 సంచికల్లో ఆ లెక్క తప్పుతుంది. తన వాడ నడుమ కోట కట్టిస్తాడు, దాంట్లో జైలు పెడతాడు. మొదటి సంచికలోనే తన పాత శత్రువు, కిరాయి హంతకుడు బుల్స్‌ఐని చంపేస్తాడు. హ్యాండ్ కొలిచే భూతమే అతనికి పూనుతుంది. ఆఖరికి అతను పడిపోయాక గద్దె ఎవరికి దక్కిందనుకున్నారు? కింగ్‌పిన్‌కే. ఎవడికి దక్కకూడదని ఎక్కాడో వాడికే.

కుంగ్‌ఫూ హీరో షాంగ్-చీకి గద్దె వారసత్వంగా వచ్చింది. 2020లో రచయిత జీన్ లూయెన్ యాంగ్ ఈ కథను 5 సంచికలతో మొదలుపెట్టాడు, 2021 నుంచి ఇంకో 12 రాశాడు. తండ్రి జెంగ్ జూ పోయాడు. ఆయన నడిపిన 'ఫైవ్ వెపన్స్ సొసైటీ'కి ఐదు ఇళ్లు: చెయ్యి, కర్ర, బాకు, కత్తి, సుత్తి. ఒక్కో ఇంటికి ఒక్కో బిడ్డ. అంటే ఇది గ్యాంగ్ కంటే ముందు పంపకాలు తెగని కుటుంబం. షీ-హువా షాంగ్-చీకి తోడబుట్టినదే, కానీ చిన్నప్పుడే తండ్రి ఆమెను రష్యాలోని సుత్తి ఇంటికి పంపేశాడు. గద్దె నాది అని ఆమె కత్తికట్టినప్పుడు తప్పు ఎవరిదో చెప్పడం కష్టం. బాకు ఇంటి చెల్లె సంగతి వేరే, ఏ సమస్యకైనా 'చంపేద్దామా?' అన్నదే ఆమె మొదటి సలహా. నవ్వొస్తుంది. పక్క పేజీలో చిన్నప్పటి నుంచి ఆమెను పెంచింది ఎవరో గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

నా లెక్కలో తేడా ఇక్కడే ఉంది. హ్యాండ్ నింజాలు చస్తే పొగై పోతారు. శవం ఉండదు, పేరు ఉండదు, ఇల్లు ఉండదు. మా బావ హన్మకొండ కోర్టులో వకీలు, షాడోలాండ్ రెండు సిట్టింగుల్లో చదివి ఒకే మాటన్నాడు: "పొగై పోయేటోళ్లను ఏం మారుస్తవ్‌రా?" మ్యాట్ ఆ ముఠాలో ఒక్కడితోనైనా కూర్చుని 'నువ్విందులోకి ఎట్ల వచ్చినవ్' అని అడగడు. గద్దె మారితే గుంపు దానంతట అదే మారుతుందనుకున్నాడు.

ఇది నాకు కామిక్‌లో కంటే ముందు మా వాడలో తెలిసింది. ఒకాయన గిరిగిరి ఫైనాన్స్ నడిపేవాడు. పొద్దున పైసలిచ్చి, రోజూ సాయంత్రం బండ్ల మీద పోరగాళ్లను పంపి వసూలు చేయించడం. ఆయన పోయాక కొడుకు ప్రామిసరీ నోట్లన్నీ ముందేసుకుని, వడ్డీ వద్దు, అసలు ఇస్తే చాలన్నాడు. వాడ మొత్తం మెచ్చుకుంది. ఆరు నెలలు తిరగకముందే వసూలు పోరగాళ్లు తలా కొంత తెచ్చి సొంత దందా పెట్టారు. ఒక్కడి బదులు నలుగురయ్యారు. ఆ నలుగురికి వేరే పని ఏం చూపాలో ఎవరూ ఆలోచించలేదు, మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

షాంగ్-చీ చేసే పని సరిగ్గా అదే, తోబుట్టువులకు వేరే పని చూపడం. వాళ్లను వదలడు, అట్లాగని వాళ్లు చేసేదాన్ని ఒప్పుకోడు. అందుకే 2021 కథలో స్పైడర్-మ్యాన్, కెప్టెన్ అమెరికా లాంటి వాళ్లంతా అతన్నే అనుమానిస్తారు. ముఠా పెద్దగా కూర్చున్నవాడు నేను మంచివాణ్ని అంటే ఎవరు నమ్ముతారు?

బావ ఇక్కడ తన చట్టం తెచ్చాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పాత ధర్మశాస్త్రంలో కూడా 'అవ్యవహారిక' అప్పుకు, అంటే జూదం, అధర్మం కోసం చేసినదానికి, కొడుకు బాధ్యుడు కాడట. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత చేసిన అప్పులకైతే ఆ పుత్రధర్మం పేరుతో కొడుకు మీదికి పోవడానికే లేదు. "మరి షాంగ్-చీ ఎందుకు కడుతున్నడు?" అన్నాడు. చట్టం చెబితే కట్టడం లేదు, అక్కచెల్లెళ్లు మధ్యలో ఉన్నారని కడుతున్నాడు అన్నాను. బావకు ముగ్గురు చెల్లెళ్లు, ఇంక మాట్లాడలేదు.

ఇంకో సంగతి ఉంది. కామిక్‌గా కూడా షాంగ్-చీ వారసత్వపు గొడవే. 1973లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్, జిమ్ స్టార్లిన్ మొదలుపెట్టినప్పుడు తండ్రి ఫూ మాంచూ. అది శాక్స్ రోమర్ నవలల నుంచి అరువు తెచ్చిన విలన్, చైనావాళ్లంటే తెల్లవాళ్లకున్న భయానికి వేసిన వేషం. హక్కులు పోయాక చాలా ఏళ్లు ఆ పేరు వాడలేక నాన్చి, 2010లో జెంగ్ జూ అని మార్చారు. మార్చినవాడు మళ్లీ ఎడ్ బ్రూబేకరే. అంటే ఒక హీరోను గద్దెనెక్కించిందీ, ఇంకో హీరో తండ్రికి పేరు పెట్టిందీ ఒకే చెయ్యి. యాంగ్ దగ్గరికి వచ్చేసరికి ముఠాతో పాటు ఆ పాత బొమ్మ కూడా బాగుచేయాల్సిన ఆస్తే అయింది.

షాడోలాండ్ దండగ అనను. పట్టు దానికే ఎక్కువ. మనిషి మెట్టు మెట్టుగా జారడం చూస్తుంటే టెన్షన్ వస్తుంది, ఎర్ర బట్టల హీరో నల్ల బట్టల్లో కనబడితేనే సగం కథ అర్థమవుతుంది. షాంగ్-చీలో సంచికకో అతిథి వచ్చి తన్నుకుని పోవడం కొన్నిచోట్ల విసుగే. కానీ భూతం పూనిందనేసరికి షాడోలాండ్ నా దగ్గర మార్కులు పోగొట్టుకుంది. మంచి మనిషి గద్దె మీద ఎలా చెడతాడన్న ప్రశ్న వేసి, తప్పు భూతం మీద తోసేసింది. పైగా దాని పక్క కథలు బోలెడు, ఒక్కటి కొంటే సరిపోయినట్టుండదు. మా వాడి పర్సుకు అదీ లెక్కే.

వాడు షాంగ్-చీ తెప్పించుకున్నాడు. నా షాడోలాండ్ ఇంకా బావ బల్ల మీదే ఉంది, కేసు కట్టల కింద.