ట్రిపుల్ యాక్సిసా, టైమ్ ఆఫ్ ఫ్లైటా? బీమ్‌టైమ్ దేనికి అడగాలి?

క్రిస్టల్ పెరిగింది, ససెప్టిబిలిటీ (మాగ్నెటిక్ ఫీల్డ్‌కి స్పందన) కొలిచారు, స్పెసిఫిక్ హీట్ కొలిచారు, ఎంత చల్లబరిచినా స్పిన్‌లు (పరమాణువుల్లోని చిన్న అయస్కాంతాలు) ఒక వరసలోకి రావట్లేదు. ఇక న్యూట్రాన్లే దిక్కు, అంటే క్రిస్టల్ మీదికి న్యూట్రాన్లని పంపి అవి ఎలా చెదిరి (స్కాటర్ అయి) వస్తాయో చూడటమే. బీమ్‌టైమ్ (యంత్రం మీద కొలిచే సమయం) అడిగే ప్రపోజల్ ట్రిపుల్ యాక్సిస్‌కి (ఒక్కో పాయింట్ చొప్పున కొలిచే యంత్రం) పెట్టాలా, టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కా (న్యూట్రాన్లు డిటెక్టర్లని చేరే సమయాన్ని బట్టి ఎనర్జీ తేల్చి, చాలా చోట్లని ఒకేసారి కొలిచే యంత్రం) అని ఈమధ్య పీహెచ్‌డీ పిల్లలు ఎవరు మెయిల్ రాసినా అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. నా మొగ్గు టైమ్ ఆఫ్ ఫ్లైట్ వైపు, స్పిన్ 1/2 పదార్థాలైతే మరీను.

ట్రిపుల్ యాక్సిస్ గొప్పతనం తెలియక కాదు. 1950ల్లో కెనడాలోని చాక్ రివర్‌లో భౌతిక శాస్త్రవేత్త బ్రాక్‌హౌస్ కట్టిన ఆ యంత్రమే ఈ విద్యకి పునాది, 1994లో ఆయనకి నోబెల్ వచ్చింది కూడా ఆ పనికే. మన అణు శాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ అక్కడ ఆయనతో పనిచేసి వచ్చినవారే, ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ దగ్గర కూడా ఒక ట్రిపుల్ యాక్సిస్ ఉంది. దాని బలమంతా గురిలో ఉంది. మోనోక్రోమేటర్ (లోపలికొచ్చే న్యూట్రాన్ల ఎనర్జీని ఎంచేది), శాంపిల్, అనలైజర్ (బయటకొచ్చేవాటి ఎనర్జీని ఎంచేది) తిప్పి ఒక మొమెంటమ్, ఒక ఎనర్జీ దగ్గర నిలబెట్టాక, రియాక్టర్ ఇచ్చే బీమ్ అంతా ఆ ఒక్క పాయింట్ కోసమే పనిచేస్తుంది. కుప్రేట్ సూపర్‌కండక్టర్ వైబీసీఓలో 41 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర కనబడే రెసొనెన్స్ (ఆ ఎనర్జీ దగ్గర లేచే మాగ్నెటిక్ పీకు) ఇలా దొరికిందే. ఎక్కడ చూడాలో తెలిసి, టెంపరేచర్ మార్చుతూ అది ఎలా పెరుగుతుందో, ఎప్పుడు పోతుందో చూడాలంటే ఇప్పటికీ దీనికి సాటి లేదు.

కానీ ఎక్కడ చూడాలో తెలియకపోతే?

నా దృష్టిలో తేల్చేది ఇదే. చాలామంది రెజల్యూషన్ గురించి టెన్షన్ పడతారు గానీ, ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. స్పిన్ ఎస్ అయితే మొత్తం మాగ్నెటిక్ స్కాటరింగ్ ఎస్(ఎస్+1) లెక్కన ఉంటుంది, అందులో బ్రాగ్ పీకుల్లోకి (వరసలో నిలిచిన స్పిన్‌లు ఇచ్చే పదునైన పీకులు) వెళ్ళేది మహా అయితే ఎస్ వర్గం. స్పిన్ 5/2 అయితే దాదాపు 71 శాతం దాకా బ్రాగ్‌లోనే సరిపోవచ్చు, అంటే డిఫ్రాక్షన్‌తోనే (ఆ పీకులు కొలవడంతోనే) చాలా కథ తెలిసిపోతుంది. స్పిన్ 1/2కి మాత్రం మూడో వంతు దాటదు. మిగతా రెండొంతులు, ఆర్డరే రాని పదార్థంలో అయితే మొత్తానికి మొత్తం, ఎనర్జీలోనూ మొమెంటమ్‌లోనూ పరుచుకుని ఉంటుంది. స్పినాన్‌ల (ఇలాంటి పదార్థాల్లో పుట్టే, సగం స్పిన్ మోసే కదలికల) కంటిన్యువం అంటే పదునైన పీకు కాదు, పల్చటి మేఘంలాంటిది. నాలుగు చోట్ల నాలుగు స్కాన్‌లు తీస్తే అది బ్యాక్‌గ్రౌండ్‌లాగే కనబడుతుంది. అది ఎక్కడ ఉందో ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదో చూడటం కూడా అంతే ముఖ్యం. టైమ్ ఆఫ్ ఫ్లైట్‌లో శాంపిల్‌ని డిగ్రీ చొప్పున తిప్పుకుంటూ పోతే మూడు మొమెంటమ్ దిశలు, ఒక ఎనర్జీ కలిపి మొత్తం మ్యాప్ చేతికొస్తుంది, దాన్ని హొరాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఎటు కావాలంటే అటు కోయొచ్చు. స్కాటరింగ్ ఎంతో ముందే తెలిసిన వనేడియంతో పోల్చి (నార్మలైజ్ చేసి), ఇంటిగ్రేట్ చేసి, రావలసిన దాంట్లో ఎంత వచ్చిందో అడగొచ్చు. సగమే వచ్చిందంటే మిగతాది మీ ఎనర్జీ కిటికీ బయట ఉందనో, బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు తీసేశారనో అనుమానించాలి.

ఆల్ఫా రుథీనియం ట్రైక్లోరైడ్‌నే చూడండి. సుమారు 7 కెల్విన్ దగ్గర జిగ్‌జాగ్ ఆర్డర్ వస్తుంది, దాని బ్రాగ్ పీకులు ఎమ్ పాయింట్ల (మొమెంటమ్ జోన్ అంచుల మధ్య చోట్లు) దగ్గర ఉంటాయి. ట్రిపుల్ యాక్సిస్ అలవాటున్నవాళ్ళు ఎవరైనా ముందు అక్కడికే వెళ్తారు, స్పిన్ వేవ్‌లు (వరసలో ఉన్న స్పిన్‌ల అలలు) మొలిచేది అక్కడే కదా. 2017లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ల్యాబ్ బృందం సింగిల్ క్రిస్టల్ మీద టైమ్ ఆఫ్ ఫ్లైట్‌లో చూపించిన ఆ వెడల్పాటి కంటిన్యువం మాత్రం జోన్ మధ్యలో, గామా పాయింట్ దగ్గర ఉంది. ఆర్డర్ కరిగిపోయాక కూడా చాలా టెంపరేచర్ దాకా నిలిచే ఉంది. ఆ పదార్థం మీద ఇన్నేళ్ళుగా జరుగుతున్న కిటాయెవ్ స్పిన్ లిక్విడ్ (స్పిన్‌లు ఎంత చల్లబరిచినా వరసలోకి రాని ఒక స్థితి) చర్చకి పెద్ద ఊతం ఆ చిత్రమే.

మరి ట్రిపుల్ యాక్సిస్‌ని ఎప్పుడు వదలకూడదు? పోలరైజ్డ్ (స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉన్న) న్యూట్రాన్లు కావాలంటే. మ్యాప్‌లో కనబడ్డది మాగ్నెటిక్కా, ఫోనానా (క్రిస్టల్ కంపనమా) అన్న అనుమానం వస్తే వేడి చేసి తీసివేయడం నమ్మదగ్గ పని కాదు, ఎందుకంటే వేడికి ఫోనాన్‌లూ పెరుగుతాయి. స్పిన్ ఫ్లిప్ (న్యూట్రాన్ స్పిన్ తిరగబడటం) కొలిస్తేనే తేలేది. మాగ్నెటిక్ ఫీల్డ్‌ని చిన్న చిన్న మెట్లలో మార్చాలన్నా ఇదే నయం, ప్రతి మెట్టుకీ పూర్తి మ్యాప్ తీసేంత బీమ్‌టైమ్ ఎవరూ ఇవ్వరు. ఒకటి గుర్తుంచుకోండి, అల్యూమినియం హోల్డర్ పౌడర్ లైనో, మోనోక్రోమేటర్ నుంచి వచ్చే సగం వేవ్‌లెంత్ న్యూట్రాన్లో అచ్చం మీ సిగ్నల్‌లాగే దర్శనమిస్తాయి. చుట్టుపక్కల ఏముందో కనబడదు కాబట్టి ఒంటరి స్కాన్‌లో దాన్ని పట్టుకోవడం కష్టం.

రెంటికీ మధ్యలో మల్టీ అనలైజర్ యంత్రాలున్నాయి. హెర్బర్ట్‌స్మితైట్ (స్పిన్ 1/2 ఉన్న రాగి ఖనిజం) క్రిస్టల్స్‌లో కంటిన్యువం చూపించిన 2012 నాటి పని అమెరికాలోని ఎన్‌ఐఎస్‌టీ ల్యాబ్‌లో మాక్స్ అనే అలాంటి యంత్రం మీదే జరిగింది. స్పిన్ ఎకో, బ్యాక్‌స్కాటరింగ్ అనే న్యూట్రాన్ పద్ధతులు మరీ నెమ్మది కదలికలకి, మీలో ఎక్కువమందికి అవసరం పడవు. ఇరిడియం పదార్థమైతే అది న్యూట్రాన్లని మింగేస్తుంది, నేరుగా రిక్స్‌కి (ఎక్స్‌రేలతో చేసే స్కాటరింగ్) వెళ్ళండి.

కాబట్టి మొదటి ప్రపోజల్ టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కి, దాంట్లో కనబడ్డ చోటు చూపించి రెండోది పోలరైజ్డ్ ట్రిపుల్ యాక్సిస్‌కి పెట్టమంటాను. ఏది పెట్టినా క్రిస్టల్స్ గ్రాముల్లో ఉండాలి. చిన్నవైతే లావే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో ఒక్కొక్కటీ దిశ చూసుకుని పల్చటి అల్యూమినియం రేకుల మీద వరసగా అతికించండి, అతికించడానికి సైటాప్ లాంటి హైడ్రోజన్ లేని జిగురే వాడండి. మామూలు వార్నిష్ పూస్తే అందులోని హైడ్రోజన్ ఇచ్చే ఇన్‌కొహెరెంట్ స్కాటరింగ్ ఆ పల్చటి కంటిన్యువం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పదార్థంలోనే హైడ్రోజన్ ఉంటే డ్యుటీరియంతో మళ్ళీ పెంచుకోక తప్పదు, హెర్బర్ట్‌స్మితైట్‌కీ అదే చేశారు.